దోసిలి వరకే

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో భారతమ్మ ఇల్లు, ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం. దయానందం సినిమాకు ఒక్క డబ్బా ఫిల్మే మిగిలింది. అతని ఓపిక అంతకంటే తక్కువ మిగిలింది.

“లోపలి గది తెరవనంటే తెరవను అబ్బీ. ఎన్నిసార్లు అడుగుతావు?”

“అక్కా, నా సినిమా మొత్తం ఆ ఒక్క సీనే. దాక్కోని తిరిగే మొగుడు పెళ్లాన్ని చూసేదానికి ఇంటికొస్తాడు. గదిలో కాకపోతే యాడ కలుస్తారు, బస్టాండులోనా?”

“యాడైనా కలవనీ. ఆ గదిలో మాత్రం వద్దు.”

“ఏముంది అందులో?”

“మా ఆయన సామాను. ఆయన పోయినాంక తెరిచిందే లేదు.”

“తెరవని గదికి తాళం అంత తళతళ మెరుస్తాందే.”

“రోజూ తుడుస్తా. నీకేం నష్టం?”

“నష్టమా? గది తెరవకూడదు. లైట్లు ఆ తట్టు తిప్పకూడదు. ఆడామగా ముట్టుకోకూడదు. పొద్దు గూకినాంక ఒక్కరూ ఉండకూడదు. ఇన్ని షరతులు పెట్టేదానికి ఇల్లెందుకిచ్చినావు?”

“పార్టీ పెద్దాయన నోరు తెరిచి అడిగినాడు. కాదంటే ఎందుకు కాదంటాందని అడుగుతారు. ఎలెక్షన్ల కాలం, నా ఇంటి మీద అందరికీ కండ్లే. సరే గాని, మీ హీరో యాడ?”

“పోయినాడు.”

“అన్నానికా?”

“ఎర్రగుంట్ల స్టేషనుకు. ప్రొద్దుటూరులో పొద్దున బస్సు తగలబెట్టినారని ఎవరో చెప్పినారు. సిమెంటు లారీ ఎక్కి పోయినాడు. మొగానికి రంగు కూడా కడుక్కోలేదు.”

“అయ్యో పాపం. సినిమాలో నలుగుర్ని కొడతాడేమో.”

“నా సినిమాలో కొట్టుడు లేదక్కా.”

“పాటలు?”

“పాటల్లేవు.”

“మరేముంది?”

“ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక గది. అందులో మొగుడు పోయినాడు, గది నువ్వియ్యవు. పొద్దు వాలితే కెమెరా మద్రాసుకు తిరిగి పోతాది. ఇంగ ఈ సినిమాకు ఈడనే సమాధి.”

“నా మీద విసుక్కుంటే ఏమొస్తాది?”

“పూనాలో చదివేటప్పుడు పాతకాలం విదేశీ సినిమాలు చూపించేవాళ్లు. సెన్సారోళ్లు ముద్దు వద్దంటే, ఒక డైరెక్టరు మూసిన తలుపు ఒకటి చూపించేవాడు. ఉత్త తలుపు. దాన్ని చూస్తాంటే ఒళ్లు జలదరించేది.”

“అయితే నీకూ మూసిన తలుపే ఇచ్చినా కదా. తీసుకో.”

“వాళ్లకు తలుపు ముందర మనుషులుండారు. నాకు తలుపొకటే ఉంది. అయినా చెయ్యి కూడా పట్టుకోకుంటే వాళ్లు మొగుడూ పెళ్లాలని చూసేవాళ్లకు ఎట్ల తెలుస్తాది?”

“పట్టుకుంటే ఏం తెలుస్తాది? పట్టుకుంటే అయిపోతాది.”

“ఏందీ?”

“ఏం లేదు. మజ్జిగ తాగు.”

“మజ్జిగ వద్దు. ఏదో అన్నావు. చెప్పక్కా.”

“మా ఆయన దాక్కోని తిరిగేటప్పుడు ఒకసారి వచ్చినాడు. నాపరాళ్ల బండ్లోళ్లతో కలిసి. తలకు టవలు, మొగమంతా రాతిదుమ్ము. ఎదురింటి అరుగు మీద అవతలి పార్టీ వాళ్లు కూర్చోనుండారు.”

“పట్టపగలా?”

“పగలే. ‘నీళ్లు పొయ్యి తల్లీ’ అన్నాడు. గొంతు వింటానే ఆయనేనని తెలిసింది. చెంబు తెచ్చినా. ఆయన వంగి దోసిలి పట్టినాడు. మొగం చూస్తే నేను ఏడుస్తా. నేను ఏడిస్తే ఆయన సస్తాడు. అందుకని చేతులే చూసినా.”

“చేతులే.”

“నీళ్లయిపోతే ఆయన పోవాల కదా. దారం మాదిరి పోసినా. ఆయన చాలని తల ఊపాల, ఊపలే. నీళ్లు మోచేతుల మీద నుంచి కారి నా కాళ్ల మీద పడతాండాయి. ఆయన చేతులు తడిపిన నీళ్లు. మేము ముట్టుకునింది అంతే... ఏందట్ల చూస్తాండావు?”

“అరుగు మీదోళ్లకు అనుమానం రాలేదా?”

“చెంబు అంత పైనుంచి ఎత్తి పోస్తే, తాగే మనిషి ఎవరనుకుంటారు?”

“మావోడనుకుంటారు. మా తాతకు ఈ వీధిలో అట్లనే పోసేవాళ్లంట. చెంబు తగలకుండా.”

“అవునప్పా. మేమే పోసినాము. అట్ల తాగేవాని మొగం ఎవరూ చూడరు. ఆ ఉపాయం చెప్పింది మీ నాయన పాలయ్య సారే. ఆ టవలు కూడా సారుదే.”

“మా నాయన నాకెప్పుడూ చెప్పలేదే.”

“తర్వాత బాంబుల్లో కాలిపోయిన మనిషిని, వాచీ చూసి, మా ఆయనేనని పోలీసులకు చెప్పింది కూడా సారే. అదీ చెప్పలేదా?”

“లేదు.”

“గట్టి నోరు. మాట బయటికి జారదు.”

“అక్కా, గది వద్దు. మొగాలూ వద్దు. చెంబు, దోసిలి, నీళ్లు, మోచేతుల దాకానే. ఇన్ని దినాలు ఆ తాళంతో ఎందుకు కొట్లాడినానో.”

“నీళ్లు పొయ్యేదెవరు? బడికాడ కూర్చోనుండే మీ హీరోయినా?”

“ఆ పిల్ల మొక్కకు పోసినట్ల పోస్తాది. నువ్వే పొయ్యి.”

“బొట్టు లేనిదాన్ని.”

“బొట్టు ఫిల్ములో పడదు. కాకుంటే చేతికి గాజులుండాల. కథలో మొగుడు బతికే ఉండాడు కదా.”

“గాజులా?”

“ఆ పిల్లవి తెప్పిస్తా.”

“వద్దు. నావి ఉండాయి. దోసిలి పట్టేదెవరు?”

“లైట్ల దావూదు.”

“పరాయి మగవానికి అట్ల పొయ్యలేను.”

“మళ్లా షరతా? తమ్ముని మాదిరి నేను పడతా.”

“కెమెరా ఎవరు తిప్పుతారు?”

“నేనే తిప్పాల. చూసినావా, మళ్లా మొదటికొచ్చింది. చేతులక్కా, ఉత్త చేతులు. ఈ జిల్లాలో నాకు రెండు చేతులు దొరకవా?”

“దావూదును, అందరినీ బడికాడికి పంపు. వీధి తలుపు గడియ పెట్టు.”

“గడియ పెడితే వెలుతురు?”

“మిద్దె కప్పులో గవాచి కంత తెరుస్తా. నడింట్లో ఎండ పడతాది. కెమెరా మోచేతులు దాటి పైకి పోదు కదా?”

“పోదు.”

“మీ నాయన మీద ఒట్టు?”

“ఒట్టు. దోసిలి పట్టేదానికి ఎవరక్కా వచ్చేది?”

“నీ నోరు కూడా పాలయ్య సారు నోరేనా?”

“...ఆయన కొడుకునే కదా అక్కా.”

“ఏమయ్యా, వింటాండావా? తాళం తీస్తాండా, బయటికి రా. పిల్లోడు చేతులే అడుగుతాండాడు. ఈసారి అరుగు మీద ఎవరూ లేరు, నిమ్మళంగా తాగు.”