తలుపు తీసిందెవరు

బోస్నియాలోని మోస్తార్ ఊరి రేడియోలో పాడిన మొదటి ఆడమనిషి హస్నియా. ఆమె జీవితం మీద సినిమా తీస్తున్నారు. కథ రాసిన అమ్మాయి ఆమె వంటగదిలో కూర్చుని చదివి వినిపిస్తోంది.

"ఆగు పిల్లా. ఆ ముక్క మళ్లీ చదువు."

"'రేడియోలో సంగీతం చూసే రెఫిక్ మాస్టారు స్టూడియో తలుపు తీసి, రామ్మా, ఈ మైకు నీదే అన్నారు.' బావుంది కదా అమ్మమ్మా?"

"ఎవరు చెప్పారు నీకిది?"

"అందరూ అంటారు కదండీ."

"ఆ రోజు అందరూ అక్కడున్నారా? ఆడగొంతు పెళ్లిళ్లకే గానీ రేడియోకి పనికిరాదని ఆయన లోపల గడియ పెట్టుకున్నాడు. నేను వరండాలోనే పాడాను. నేల తుడిచేవాళ్లు పని ఆపి విన్నారు. ఇంజనీరు పక్క గదిలోంచి మైకు తీగ నా దాకా లాక్కొచ్చాడు."

అమ్మాయి కాగితాల్లోంచి తలెత్తలేదు.

"అలా రాస్తే వాళ్లు ఒప్పుకోరండీ."

"వాళ్లంటే? నా మొహం చూసి చెప్పు. నిర్మాత ఎవరి తాలూకు?"

"...రెఫిక్ మాస్టారి మనవడు."

"అదీ సంగతి! సినిమాకి ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాల్సిన కాగితాలతో పాటు పళ్లెం నిండా బక్లావా మిఠాయి పంపినప్పుడే అనుకున్నా."

"నన్ను తీసేస్తారు అమ్మమ్మా. ఆడపిల్ల చేత కథ రాయించడం నిర్మాతకి మొదట్నుంచీ ఇష్టం లేదు."

హస్నియా ఆమె వైపు చూసింది. ఇది కూడా నేర్పి పంపిన మాటేనా? కానీ పిల్ల తాను చదివిన కాగితాన్ని సిగ్గుతో బోర్లించింది.

"అయితే తలుపు తీయించకు, గడియ ఊసూ ఎత్తకు. మాస్టారిని లోపలే ఉండనీ. కెమెరాని తెచ్చి నా పక్కన, వరండాలో పెట్టు."

"సంతకం పెడతారా మరి?"

"ముందు నువ్వు రాయి. నా కళ్లతో నేను చదువుకున్నాకే సంతకం."

హస్నియా పెన్ను ఆ అమ్మాయి వైపు జరిపింది.