గరిటెడు తక్కువ

ఫోటో అక్కడ పెట్టేసి ఇలా వచ్చి కూర్చో. ఆఁ, అది మీ అమ్మమ్మే, మా అక్క. దవడ అలా లావెక్కి ముందుకొచ్చిందేమిటని కదా? పుట్టుకతో వచ్చింది కాదమ్మా అది. ఇద్దరం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్లం. తన గొంతు ఊరందరికీ తెలుసు, అంత సన్నగా, తేటగా ఉండేది. ముప్పై దాటాక బొంగురుపోయింది. జలుబనుకున్నాం. ఫోన్లో ఒకాయనైతే మగాడనుకుని, "ఏమయ్యా, ఆ అమ్మాయిని పిలువు, ఆవిడైతే లైను గబుక్కున కలుపుతుంది" అన్నాడు. అక్క "ఉండండి సార్" అని కాసేపాగి, మళ్లీ తనే కలిపింది. మేమంతా నవ్వాం. తనూ నవ్విందిలే. రోజూ చూసే కళ్లకి ఏం తెలుస్తుంది చెప్పు? పనిలో తలకి పెట్టుకునే హెడ్‌ఫోన్ పట్టీ బిగుతైతే పట్టీదే తప్పన్నాం. చెప్పులు ఇరుకైతే కుట్టినవాణ్ణి తిట్టాం. మా అమ్మకి మాత్రం ఒకటే అనుమానం, తిండి. "నేనే మేపి మేపి దీన్నిలా చేశాను" అని అక్కకి గరిటెడు తక్కువ వడ్డించేది. అక్క అడిగేది కాదు. పళ్లెం వేలితో తుడుచుకుని లేచిపోయేది.

చివరికి తలనొప్పులు, పక్కనున్నది కనబడకపోవడం మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. "మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుందమ్మా, అందులో గడ్డ లేచింది. క్యాన్సర్ కాదు. కానీ ఒళ్లు ఎదగడానికి ఊరే రసాన్ని అతిగా వదులుతోంది. అందుకే ఈ వయసులో ఎముకలు లావెక్కుతున్నాయి" అన్నాడు డాక్టరు. అమ్మ ఆయన మొహంలోకే చూస్తూ, "తిండి వల్ల కాదా బాబూ?" అంది. "కాదమ్మా." మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఇంటికొచ్చాక పళ్లెం నిండా వడ్డించి ఎదురుగా కూర్చుంది. అక్క సగం తిని, "చాలమ్మా, అలవాటు తప్పింది" అంది, ఆ బొంగురు గొంతుతోనే. ఆ తర్వాత అమ్మ ఇంక గరిటె పట్టలేదు. వడ్డన నాకే వచ్చింది. ఆపరేషన్‌తో పెరగడం ఆగింది గానీ, అప్పటికే గుండె దెబ్బతింది. ఎన్నాళ్లో ఉండలేదు.

వంశంలో వస్తుందా అంటే, ఎక్కడో అరుదుగా తప్ప రాదన్నాడు ఆ డాక్టరు. అంత బెంగైతే నీ కూతుర్ని డాక్టరుకి చూపించు, తప్పేం లేదు. తొమ్మిదేళ్ల పిల్లకి బూట్లు ఇరుకవ్వవూ మరి? ఇందాక దాని పళ్లెంలోంచి అన్నం తీసి గిన్నెలో పెట్టేశావు, చూశాలే. ఊఁ, ఏడవకు. అదింకా బల్ల దగ్గరే కూర్చునుంది. వెళ్లి వేసిరా, చల్లారిపోతోంది.