రింగును వేడి చేసేదెందుకు

రోబో చేతులకు ప్లాస్టిక్ తొడుగులు పోతపోసే చిన్న వర్క్‌షాపు. వదిన మెషీను ఆపి ఉక్కు రింగులు తుడుస్తోంది. మరిది భుజాన సంచి వేసుకొని, రెండు టీలు పట్టుకొని వచ్చాడు.

"ఏంటయ్యా, ఆర్నెల్లుగా ఈ గుమ్మం తొక్కనివాడివి, ఇవాళ టీ కూడానా?"

"ఊరికే వదినా. ఈ రింగుల్ని అచ్చులో పెట్టేముందు వేడి చేస్తావుగా, ఎందుకని?"

"ఎవరడగమన్నారు?"

"ఎవరూ లేదు. నాకే తెలుసుకోవాలనిపించింది."

"నీకా? ఆ సంచిలో ఏంటి?"

"పేటెంటు కాగితాలు. ప్లాస్టిక్ తొడుగూ పాతదే, లోహపు రింగూ పాతదే, రెండూ కలిపితే కొత్తేముందని ఆఫీసువాళ్లు కొర్రీ వేశారు."

"కలిపే పద్ధతి కొత్తది. ఇలా ఇవ్వు చూద్దాం. బొమ్మ నేను గీసిందే! మరి కనిపెట్టినవారు అన్నచోట నీ పేరొక్కటే ఉందేం?"

"హడావిడిలో మర్చిపోయాను వదినా."

"రింగు మీద గాట్లెన్నో మర్చిపోలేదు. అవి ఎంత లోతో మర్చిపోలేదు. నా పేరే మర్చిపోయావా?"

"ఒకింటివాళ్లమే కదా, ఎవరి పేరైతే ఏంటి?"

"అలాంటప్పుడు నా పేరే రాయాల్సింది."

"తర్వాత సరిచేయిద్దాంలే. రేపు పదింటికి వాళ్లముందు కూర్చోవాలి. రింగు చుట్టూ ప్లాస్టిక్ పగలకుండా ఎలా ఉందని అడుగుతారు. ఆ వేడి సంగతొక్కటీ చెప్పు, చాలు."

"ముందు పేరు సరిచేయించుకు రా, చెబుతాను. అప్పటిదాకా ఎవరేమడిగినా, కనిపెట్టినాయన్ని అడగమను."