చిన్న పని ముందు

అల్లవరంలో లేతు మిషను షెడ్డు ముందు వీర్రాజు నిలబడలేక నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. చీకటి పడితే అతని చెరువులో రొయ్యకి గాలి చాలదు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లని తిప్పే నాలుగు షాఫ్టులూ అరిగిపోయి, కట్టిన మూట కట్టినట్టే మేస్త్రీ దగ్గర పడి ఉన్నాయి.

"మేస్త్రీగారూ, పొద్దున్నే ఇచ్చేనండి. నా వెనకాల వచ్చినోళ్ళందరూ పట్టుకెళ్ళిపోతున్నారు."

"ఆయ్, వాళ్ళవి చిన్న పనులండి. చిన్నవి ముందు చేసేస్తే పదిమంది వెళ్ళిపోతారు. మీది పూటంతా పట్టే పని."

"చిన్నవి వస్తూనే ఉంటే నా వంతెప్పుడండి? తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది!"

"ఒకళ్ళ కోసం పద్ధతి మారిస్తే అందరూ నా మీద పడతారండి."

వీర్రాజు గబగబా మూట విప్పి, ఒక్క షాఫ్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"పోనీ, ఇదొక్కటీ చేసివ్వండి. ఒక్క ఏరియేటర్ తిరిగినా రొయ్య దాని చుట్టూ చేరి బతుకుద్ది."

"ఒక్కటైతే చిన్న పనేనండి. ఇటివ్వండి."

మిషను తిరగడం మొదలైంది.

"మరి ఆ మూడూ?"

"ఒక్కోటీ పట్టుకుని మళ్ళీ రండి." మేస్త్రీ తలెత్తలేదు. "పొద్దున్న మూటగట్టి ఇచ్చేరు గాని, విడివిడిగా ఇచ్చుంటే ఈపాటికి నాలుగూ అయిపోయేవండి."