నారింజ జట్టు

కెనడాలోని సస్కాచవాన్‌లో ఒక చిన్న ఊరి బడి. వ్యాయామశాల గుమ్మం దగ్గర ఆటల మాస్టారు ఫ్రీసెన్, నాలుగో తరగతి లరిసా వాళ్ళమ్మ గలీనా.

“...లేపకుండానే లేస్తోంది మాస్టారూ! ఇదివరకు బడి అంటే కడుపునొప్పి. ఇప్పుడు నేను కాఫీ పెట్టుకోకముందే మంచు బూట్లేసుకుని తయారు.”

“సంతోషం గలీనా గారూ. మిమ్మల్ని రమ్మన్నది ఎందుకంటే...”

“అంతా మీ చలవే. ఆటల సీజనంతా మార్చకుండా ఒకటే జట్టు అన్నారు చూడండి, అక్కడే మారింది. హాకీ కర్ర పట్టడం రాని పిల్లని రిఫరీని చేశారు! ఇంట్లో కూడా ఈల వేస్తోంది. వాళ్ళ నాన్న నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోతాడు.”

“బాగా చేస్తుంది. కానీ...”

“బళ్ళో మూడేళ్ళు ఒక్కతే కూర్చుని తింది, పిచ్చిది. ఇప్పుడు కోల్బీ, బ్రీ, వాళ్ళ నారింజ జట్టంతా దాని బల్ల దగ్గరే! శనివారం పుట్టినరోజుకి అందరూ వస్తారట. బంగాళదుంప కూరి పెరోగీలు చేస్తున్నా. మీరూ రండి.”

“ఒక్క నిమిషం వినండి. ఆటకే కాదు, కలుపుగోలుగా ఉన్నా జట్టుకి పాయింట్లు ఇస్తున్నాను.”

“మంచిదేగా.”

“ఒంటరిగా తినేవాళ్ళ పక్కన కూర్చుంటే ఒక పాయింటు.”

“...ఊఁ.”

“ముందు పాయింట్ల కోసం కూర్చున్నా, తర్వాత వాళ్ళంతట వాళ్ళే కూర్చుంటారనుకున్నాను.”

“కూర్చుంటున్నారుగా? కూర్చోవట్లేదా?”

“ఇవాళ బ్రీ వచ్చింది. లరిసా పుట్టినరోజుకి వెళ్తే అయిదు పాయింట్లట, నిజమేనా అని అడిగింది.”

“మీరు... మీరలా అన్నారా?”

“లేదండీ, నేననలేదు! ఎవరు పుట్టించారో తెలీదు.”

“అయితే ఇస్తానని చెప్పేయండి. అయిదేగా!”

“రేపు శుక్రవారమే సీజన్ ఆఖరి రోజు. పొద్దున్నే పాయింట్లు చదివి కప్పు ఇచ్చేయాలి. ఇక శనివారం పాయింట్లు ఎక్కడివి?”

“కప్పు సోమవారం ఇవ్వండి. మధ్యలో రెండ్రోజులేగా మాస్టారూ!”

“మిగతా జట్లు ఊరుకుంటాయా? నారింజ జట్టు కోసమే ఆపానంటారు.”

“పిండి కలిపేశాను... అయ్యో, అదిగో వస్తోంది. దాని ముందు ఏమీ అనకండి.”

“అమ్మా, సార్ మీద కోప్పడకు. అయిదు పాయింట్లని చెప్పింది నేనే. ముందు ఊరికే పిలిస్తే ఎవ్వరూ రామన్నారు.”