అక్క కూతురని చెప్పాను

ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న స్టూడియో ప్రొడక్షన్ మేనేజరుగారికి, ఈ శిక్షణ కేంద్రాన్ని పంతొమ్మిదేళ్ళుగా నన్ను భరిస్తూ నడిపిస్తున్న కమిటీ పెద్దలకి, నాతోపాటు పాఠాలు చెప్పి గొంతులు పోగొట్టుకున్న మిత్రులకి, ముందువరసలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్న మా అక్కకి, పాతా కొత్తా శిష్యులందరికీ నమస్కారం.

నేను సౌండు మనిషిని. ఇంకొకళ్ళు మాట్లాడుతుంటే చెవులు రిక్కించి వినడమే జీవితమంతా చేసిన ఉద్యోగం. నన్ను నిలబెట్టి మాట్లాడమంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఈ మైకు ఎవరు పెట్టారోగానీ మరీ గడ్డానికి ఆనించి పెట్టారు. పోనీలెండి, ఇవాళ మార్కులు వెయ్యను. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళంతా కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. ఈ రంగంలో ఎవరూ లేనివాళ్ళకి గేటు తెరిచిన మనిషినన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ గేటు ఎలా తెరుచుకుందో చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోతే నాకు నిద్ర పట్టదు, అందుకని ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి.

మన కేంద్రం ఎవరికోసం పెట్టామో మీకు తెలుసు. తాతగానీ తండ్రిగానీ మేనమామగానీ సినిమాలో, టీవీలో అడుగుపెట్టని ఇళ్ళ పిల్లల కోసం. మా రంగంలో ప్రతివాడూ ఎవరో ఒకరి మనిషే. కెమెరా ఆయన బావమరిది లైట్లు చూస్తాడు, లైట్లాయన తోడల్లుడు వ్యాను తోల్తాడు. స్టూడియో గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న నీకేం వచ్చు అని కాదు, నువ్వెవరి తాలూకు అని. మా మొదటి బ్యాచిలో ఏడుగురు కొత్త సర్టిఫికెట్లు పట్టుకుని పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఏడుగురూ తిరిగొచ్చారు. గేటు దగ్గరాయన సర్టిఫికెట్ తిరగేసి చూసి, వెనకాల ఏమీ లేదేమిటి అన్నాడట.

మర్నాడు వాళ్ళలో ఒకణ్ణి నేనే వెంటపెట్టుకు వెళ్ళాను. ఎవరి తాలూకండీ అన్నారు. మా అక్క కొడుకండీ అనేశాను. నోరు జారిందంతే. గేటు బార్లా తెరుచుకుంది. మరి ఊరుకుంటానా? నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, ఉద్యోగానికి ఒక్కటి ఆడితే కొంపలేం మునగవనుకున్నాను. మా అక్కకి పిల్లల్లేరు. కానీ ఈ రంగంలో ఆవిడ సంతానం తొంభైమంది దాకా ఉంటారు. అక్కా, నవ్వకు. కొన్నేళ్ళు నీకు ఏడాదికి ఆరుగురు పుట్టారు. (నవ్వులు) మేనేజరుగారు ఒకసారి నా భుజం మీద చెయ్యేసి, “మీ అక్కగారిని కాస్త ఆరోగ్యం చూసుకోమనండి మాస్టారూ” అన్నారు. నిజంగానే పరామర్శ అనుకుని, పర్వాలేదండీ బాగానే ఉందన్నాను. తెలివితేటలు అలా ఏడిశాయి.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రాదు.

ఎనిమిదో బ్యాచిలో ఒకమ్మాయి చేరింది. తోటివాళ్ళు ‘స్తంభం’ అని పేరు పెట్టారు. ఎందుకో చెబుతాను. బూమ్ అంటే చివర మైకు కట్టిన పొడుగాటి కర్ర. నటులు మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తలపైన ఎత్తి, కెమెరాకి చిక్కకుండా, నీడ పడకుండా, కదలకుండా పట్టుకోవాలి. రెండో నిమిషానికి భుజాలు మండుతాయి, నాలుగో నిమిషానికి కులదైవం కళ్ళముందు కనిపిస్తుంది. ఈ పిల్ల మొదటివారంలోనే ఆరు నిమిషాలు పట్టుకుంది, వణుకు లేకుండా. ఎక్కడిదమ్మా నీకీ చెయ్యి అన్నాను. “మా నాన్న డిపోలో బస్సులు కడుగుతారు సార్. పైకప్పు తోమడానికి ఇంత పొడుగు కర్ర బ్రష్షు ఉంటుంది. బడికి సెలవులొస్తే పైకప్పులన్నీ నావే” అంది, గొప్పగా.

స్టూడియోకి తీసుకెళ్ళే ముందురోజు ఆ అమ్మాయికి కూడా అందరికీ చెప్పే పాఠమే చెప్పాను. నువ్వు మా అక్క కూతురివి, మీ నాన్న బ్యాంకులో పనిచేస్తారు అని. “మా నాన్న పని చెబితే ఏమవుతుంది సార్?” అనడిగింది. ముందు లోపల కాలుపెట్టవే తల్లీ, కాళ్ళు జాపుకోవడం తర్వాత అన్నాను. అది తెలివైన మాట అనుకున్నాను కూడా.

మొదటిరోజు ఆమె చెప్పులు కిర్రుమంటున్నాయి. సౌండువాళ్ళ చెప్పులు చప్పుడు చేస్తే ఇంకేముంది, విప్పేసి వైర్ల మధ్య ఉత్తకాళ్ళతో నిలబడింది. విరామంలో ఇంటికి ఫోను చేసుకుంది. మధ్యాహ్నం వాళ్ళ నాన్న వచ్చాడు, డిపో యూనిఫాంలోనే, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో. కాగితంలో చుట్టిన గుడ్డబూట్లు రెండు జతలు తెచ్చాడు. కూతురి సైజు గుర్తులేక, రెండిట్లో ఒకటైనా పడుతుందని. గేటు దగ్గర నా పేరు చెబితే పంపించారట. తిన్నగా సెట్లోకి వచ్చి, నా పక్కన నిలబడ్డాడు. నా ఇంకో పక్కన దర్శకుడుగారు, మేనేజరుగారు ఉన్నారు.

“ఎవరండీ ఈయన?” అన్నారు మేనేజరుగారు. ఊరికే అడిగారు. ఈ అమ్మాయి నాన్నండీ అంటే, అలాగా అని ఆయన దారిన ఆయన వెళ్ళిపోయేవారు. అక్కకి అంతమంది పిల్లలుండరని ఆయనకి ఏనాడో తెలుసు, మొన్న ఆయనే చెప్పారు. కానీ నాకు ఆ క్షణంలో బ్యాంకు గుర్తొచ్చింది. చెప్పిన అబద్ధానికి పరువు కాపాడాలి కదా.

“మా ఇంట్లో పనిచేసే మనిషండీ. పాపకి బూట్లు పంపించింది అక్క” అన్నాను.

వాళ్ళ నాన్న నావైపు చూశాడు. కూతురివైపు చూడలేదు. “అవునండీ. అమ్మగారు పంపించారు” అన్నాడు.

క్షమించండి. కొంచెం మంచినీళ్ళు.

ఆ అమ్మాయి మాకు పదిహేనడుగుల దూరంలో బూమ్ ఎత్తుకుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. నాన్న గొంతు తగిలి తెలియకుండానే తిప్పిందేమో, మైకు మావైపుంది. ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి కూడా ‘అమ్మగారు పంపించారు’ అన్న మాట సన్నగా వినబడింది. ఆయన బూట్లు నేలమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట రికార్డయింది. సాయంత్రం నేనే చెరిపేశాను. పనికిరాని చప్పుళ్ళు చెరపడం మా వృత్తిలో రోజూ ఉండేదే.

ఆ మధ్యాహ్నం అయిదు నిమిషాల షాటు ఒకటి తీశారు. చెయ్యి ఇసుమంత వణకలేదు. పేకప్ అయ్యాక వైర్లన్నీ పద్ధతిగా చుట్టి, హెడ్‌ఫోన్లు తుడిచి నా చేతికిచ్చి, రేపట్నుంచి రానండీ అంది. నేను చేసిన రెండో పాడుపని అప్పుడు చేశాను. పిచ్చిపిల్లా, ఇంత చిన్న విషయానికి అలుగుతారా, ఉద్యోగం దొరికింది కదా అన్నాను. “మీ మేనకోడలికి దొరికింది సార్” అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మానేశానా అంటే, మానలేదు. అది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఈ తొమ్మిదేళ్ళలో ఇంకో ముప్పైమందిని అక్కకి అంటగట్టాను. గేటు తెరుచుకుంటోంది, మీరంతా పనుల్లో కుదురుకుంటున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, పిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టి తాతయ్యకి దణ్ణం పెట్టమంటున్నారు. నాకది తీపిగానే ఉండేది. అసలు తాతయ్యలు ఎక్కడున్నారని ఒక్కరినీ అడగలేదు. మీలో ఎంతమంది మీ నాన్నని ఒక్కసారైనా సెట్టుకి తీసుకెళ్ళారు? చేతులెత్తమననులెండి. మీకు పని నేర్పానని పొంగిపోయాను, దాంతోపాటు ఇంకేం నేర్పానో ఇవాళ ఈ కుర్చీ ఖాళీ చేస్తుంటే తెలుస్తోంది. నేర్పినవాడిగా నాదే తప్పు, మీది కాదు.

పోయినవారం ఆహ్వానపత్రిక పట్టుకుని డిపోకి వెళ్ళాను. ఆయన ఇంకా బస్సులే కడుగుతున్నారు. చెయ్యి తుడుచుకుని పత్రిక తీసుకుని, టీ తెప్పించారు. అమ్మాయి వేరే ఊళ్ళో ఏదో గోదాములో అట్టపెట్టెలకి టేపు అంటిస్తోందట. బూమ్ మళ్ళీ ముట్టుకోలేదట. అప్పుడన్న మాటకి క్షమించమని అడిగాను, నామీద కోపం ఇంకా పోలేదా అమ్మాయికి అన్నాను.

“మీమీద ఎందుకుంటుంది సార్, మీరు పైవాళ్ళు. అవునన్నది నేను కదా” అన్నారు. వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుందట. ఈయన ఎత్తితే పెట్టేస్తుందట. తొమ్మిదేళ్ళుగా.

సభకి మీరు తప్పకుండా రావాలి అన్నాను. ఆయన పత్రిక అటూ ఇటూ తిప్పి, “వస్తాను సార్. కానీ అక్కడ నన్ను ఎవరని చెబుతారు? ముందే చెబితే నేనూ అదే చెబుతాను” అన్నారు. ఎత్తిపొడుపు కాదండీ. నాకు ఇబ్బంది కాకూడదని అడిగారు.

వచ్చారు. అదిగో, తలుపు పక్కన, తెల్లచొక్కా. కూర్చోమంటే వద్దన్నారట.

పెద్దలారా, వారు బస్ డిపోలో బస్సులు కడుగుతారు. నా శిష్యులందరిలోకీ గట్టి చెయ్యి ఉన్న అమ్మాయికి కన్నతండ్రి. ఆ చెయ్యి తయారైంది వారి డిపోలో, నా క్లాసులో కాదు. నాకూ మా అక్కకీ వారు ఏమీ కారు. ఈ మాట వినాల్సిన అమ్మాయి ఇక్కడ లేదు, ఈ మైకు ఎంత మంచిదైనా అంతదూరం అందదు.

రేపు కొత్త బ్యాచి పన్నెండుమంది గేటు దగ్గరికి వెళ్తున్నారు. ఎవరి తాలూకు అంటే మీ అమ్మానాన్నల పేర్లు చెప్పండి, వాళ్ళ పని చెప్పండి. మేనేజరుగారూ, వాళ్ళని లోపలికి రానివ్వడం ఇక మీ చేతుల్లో ఉంది. ఓపిగ్గా విన్న మీకందరికీ, తొంభైమందిని మాట్లాడకుండా కన్న మా అక్కకీ కృతజ్ఞతలు.

అయ్యా, తలుపు దగ్గర నిలబడ్డవారూ, ఈసారి మీరు అవునని అనక్కర్లేదు. సెలవు.