ఎల్బీ నగర్‌కొచ్చిన ఉత్తర ధ్రువం

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి ఇరవై రోజులు. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి ఫిజిక్స్ చెప్పే కోచింగ్ సెంటరుకి తాళం పడింది. ఆ పొద్దున కరెంటు కూడా పోయింది. ఇంకేం, సరూర్‌నగర్‌లోని ఆ ఇంటి వరండాలో కింది వాటా దశరథ నోరు విప్పాడు. పై వాటా పట్టాభి, పదో తరగతి చదివే అతని కూతురు తన్మయి మెట్ల మీద కూర్చుని చెవులప్పగించారు.

దశరథ పదకొండేళ్లు జీపు నడిపింది నల్గొండ రోడ్డు మీదున్న ఒక కేంద్రంలో. భూమి అయస్కాంత బలాన్ని రాత్రింబవళ్లు కొలవడమే అక్కడి పని. ఒక గదిలో సన్నటి దారానికి అయస్కాంతపు సూది వేలాడుతుంటుంది. సమ్మె అయ్యాక తన విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్లడానికి పట్టాభి అనుమతి సంపాదించాడు. "లోపల మీరే దగ్గరుండి చూపించాలి దశరథ గారూ" అన్నాడు. దశరథ దర్జాగా సరేనన్నాడు. అసలు సంగతి ఈయనొక్కడికే తెలుసు. పదకొండేళ్లలో ఒక్కనాడూ ఆ గది గడప దాటలేదు. ఆ సూదిని కళ్లారా చూడాలని ఎంత ఆశో, చూడలేదని ఒప్పుకోవడం అంత నామర్దా. అందుకే ఈ కోతలు.

"మొదలు చిన్న ముచ్చటనే సార్" అని టీ గ్లాసు మీద ఉంగరంతో టంగుమనిపించాడు. "ఒకనాడు సూది గజగజ వణుకుతున్నది. సైంటిస్టులంత పరేషాన్. నేను జర బయటికొచ్చి సూస్తే, గోడ పక్కన లారీ పంచరై ఆగున్నది. దాన్ని ఎల్లగొట్టిన, సూది నిలవడ్డది."

"అయ్యుండొచ్చండీ. ఇనుము దగ్గరికొస్తే సూది కదులుతుంది" అన్నాడు పట్టాభి.

ఆ ఒక్క మాటతో దశరథకి పూనకమొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నేను రిటైరయ్యే నెల, ఉద్యమంల రోడ్ల మీదనే పొయ్యిలు వెట్టి వంటా వార్పు జేసిన్రు గదా. ఎల్బీ నగర్ చౌరస్తాల వేల ఇనుప మూకుళ్లు, గరిటెలు! గంత ఇనుము ఒక్క తావుకు చేరెవరకల్ల, సూది సూపెట్టే ఉత్తర ధ్రువం కెనడా ఇడిసిపెట్టి సీదా ఎల్బీ నగర్‌కు బయల్దేరింది."

"అమ్మో! మరి దిక్సూచులు?" అంది తన్మయి.

"అన్నీ మన దిక్కే బిడ్డా! ఓడలు తొవ్వ తప్పినయ్. సూర్యాపేట బస్సులు బ్రేకేసినా ఆగకుంట ఉరికొచ్చి, ముక్కులన్నీ చౌరస్తా దిక్కు పెట్టి వరుసగ నిలవడ్డయ్. రాస్తారోకో చేసెటోళ్లకు పనే లేకపాయె. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆకాశంల ఒక ఉపగ్రహం జారి సైదాబాద్ మీదికి రాబట్టింది. సూర్యునికెల్లి వచ్చే గాలిని ఆపేది గీ అయస్కాంతమే గద సార్?"

"అవునండీ, భూమి చుట్టూ గొడుగులా ఉంటుంది" అన్నాడు పట్టాభి నవ్వాపుకుంటూ.

"గా గొడుగుకే చిల్లు వడ్డది! అమెరికా నుంచి ఫోను, దశరథను పిలువున్రి అని. గదిలకు పోయిన. సూది గిరగిర తిరుగుతున్నది. ఊపిరి బిగవట్టి, గిదే చెయ్యి చాపి, రెండు వేళ్లతోని మెల్లగ పట్టి ఆపిన. అంతే! ధ్రువం కెనడాకు, ఉపగ్రహం ఆకాశానికి, బస్సులు డిపోకు!"

గుమ్మంలో అనపకాయలు ఒలుస్తున్న దశరథ భార్య సుమిత్రమ్మ మొహం గర్వంతో వెలిగిపోయింది. తన్మయి మాత్రం ఆయన చాపిన చేతినే చూస్తోంది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"హెయిర్ పిన్నులు కూడా తీసేసి వెళ్లాలని నాన్న చెప్పారంకుల్. ఇనుమేదీ ఆ గదిలోకి రానివ్వరట. మరి మీరు ఉంగరం తీసి వెళ్లేవారా?"

"తీసుడా?" అంది సుమిత్రమ్మ ఆయనకంటే ముందే. "అది గుర్రపు నాడాతోని చేయించిన ఉంగరం, అచ్చం ఇనుముది. శని పట్టొద్దని నేనే తొడిగిన. పద్నాలుగేండ్ల సంది ఏలు దాటలే. గుంజినా రాదు."

పట్టాభి మొహం పక్కకి తిప్పుకున్నాడు. దశరథ చెవులు ఎర్రబడ్డాయి. చాపిన చేయి మెల్లగా ఒళ్లోకి వచ్చింది.

"గేటు కాడనే ఆపేటోళ్లు" అన్నాడు చివరికి. "పదకొండేండ్లు జీపుల కూసోని గా తలుపు దిక్కే సూసిన బిడ్డా. సూది ఎట్లుంటదో నాకెరుక లేదు."

"అయితే ఈసారి మాతోపాటు చూద్దురుగాని అంకుల్" అంది తన్మయి.

దశరథ ఉంగరాన్ని పట్టుకుని తిప్పి చూశాడు. అది కదల్లేదు.

"సుమిత్రా, జర సబ్బు తే."

"అయ్యో, శని పడ్తది!"

"పదకొండేండ్లు నన్ను గేటు బయట కూసోవెట్టింది గిదే గదనే. ఇంకే శని పట్టాలె? సబ్బు తే."